ఎర్ర దిమ్మెల దగ్గర

మా ఆయన సినిమా కెమెరామన్. నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. ఆయనది కన్ను, నాది చెవి అని మా ఇంట్లో ఎప్పుడో పంపకాలైపోయాయి. ఫిల్మ్‌నగర్‌లో మా వీధి ఏటవాలుగా ఉంటుంది. ఆయన పైకి నడిచొస్తుంటే కిటికీలోంచి చూడకుండానే ఎంతవరకు వచ్చారో చెప్పేదాన్ని. గుండె ఆపరేషన్ అయ్యాక ఆ అడుగుల చప్పుడు మారిపోయింది. మలుపు దగ్గర ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

ఆపరేషన్ చేసిన బంజారాహిల్స్ డాక్టరు కొన్ని నెలలయ్యాక గోల్ఫ్ ఆడుకోవచ్చన్నాడు. "నడక మంచిదే. బలమంతా పెట్టి మాత్రం కొట్టకండి" అన్నాడు. ఆ రెండో మాట ఈయన చెవికెక్కించుకోలేదు.

గోల్ఫ్ ఆయనకు ఒక నిర్మాత అంటించిన అలవాటు. నాకు ఆయన అంటించారు. టోలిచౌకి దాటి, కోట గోడల దగ్గరున్న మైదానానికి తెల్లవారుతుండగానే చేరుకునేవాళ్ళం. సినిమాలు ఒకదాని మీద ఒకటి ఉన్న రోజుల్లో ఆయన పగలంతా ఎండ వెంట పరుగు, నేను డబ్బింగ్ థియేటర్ చీకట్లో. ఇద్దరం తీరిగ్గా మాట్లాడుకున్నదంటూ ఉంటే ఆ పొద్దుటి నడకలోనే. ఇల్లు కట్టే గొడవలు, పిల్లల చదువులు, మా అమ్మ పోయినప్పటి దిగులు, అన్నీ ఆ గడ్డి మీదే తేల్చుకున్నాం. ఆయన ఆట మానేస్తారేమోనని నేను భయపడ్డది ఆట కోసం కాదు. ఆ నడక పోతే మా ఇద్దరికీ ఇంట్లో టీవీ చప్పుడు తప్ప ఏమీ మిగలదని నాకు తెలుసు.

గోల్ఫ్ తెలియనివాళ్ళకు ఒక్క సంగతి చెప్పాలి. ఆట మొదలుపెట్టే చోట రంగు దిమ్మెలు జతలు జతలుగా పెడతారు. అన్నిటికంటే వెనక నీలం, తర్వాత తెలుపు, అందరికంటే ముందు ఎరుపు. బంతి పడాల్సిన గుంత అందరికీ ఒకటే, ఎక్కణ్ణుంచి మొదలుపెడతామన్నదే తేడా. ఎంత దూరం కొట్టగలిగితే అంత వెనక నిలబడాలి. నాకు నేర్పిన కోచ్ మొదటిరోజే చెప్పాడు. "మేడం, మీ బెస్ట్ షాట్ చూసుకుని చోటు ఎంచుకోకండి. మీ మామూలు షాట్ చూసుకుని ఎంచుకోండి." నేను బుద్ధిగా ఎరుపు దగ్గర నిలబడ్డాను. హాయిగా ఆడుకున్నాను.

మగవాళ్ళకు ఈ మాట రుచించదు. ఎర్ర దిమ్మెలు ఆడవాళ్ళవని ఎక్కడా రాసిలేదు, అయినా అందరూ ఆ చోటును లేడీస్ టీ అనే అంటారు. అందులోనూ సినిమావాళ్ళం, పోస్టర్ మీద పేరెక్కడుంది, స్టేజి మీద కుర్చీ ఏ వరసలో వేశారు అని చూసుకుంటూ బతికినవాళ్ళం. ఒక దర్శకుడు మోకాళ్ళ నొప్పులు భరించలేక ఎరుపు దగ్గరికొస్తే, "ఏం గురూ, గాజులు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని మైదానమంతా వినబడేలా ఆటపట్టించింది మా ఆయనే. గాజులేసుకున్న నేను అక్కడే ఉన్నాను. నావైపు చూసి నాలిక కరుచుకున్నారు. ఆ దర్శకుడు నవ్వేశాడు గానీ తర్వాత ఎరుపు దగ్గర కనబడలేదు. కొన్నాళ్ళకు మైదానంలోనే కనబడలేదు. ఇప్పుడా గాజుల మాట తిరిగొచ్చి ఈయన మెడకే చుట్టుకుంది.

మొదటి గుంతకు వెళ్ళే దారిలోనే ఒక రాళ్ళ వాగు అడ్డొస్తుంది. నీలం నుంచి కొట్టినా, తెలుపు నుంచి కొట్టినా బంతి ఆ వాగు దాటాలి. ఎరుపు మాత్రం వాగుకు అవతల ఉంటుంది. ఒకప్పుడు ఆయన కొడితే బంతి ఆ రాళ్ళ సంగతే పట్టించుకునేది కాదు. ఆపరేషన్ తర్వాత ఒక్కటీ దాటలేదు. కర్ర తగిలిన చప్పుడులోనే నాకు తెలిసిపోయేది. ఆయన ఇంకో బంతి తీసేవారు. అదీ రాళ్ళలోకే. వెనక వచ్చేవాళ్ళు మర్యాదగా ఎటో చూసేవాళ్ళు. తెలుపు నుంచైనా కొట్టండని ఒకరోజు బతిమాలాను.

"అక్కణ్ణుంచి కూడా దాటకపోతే?" అన్నారు.

ఆ రోజు తిరిగొస్తూ కార్లో, "రేపట్నుంచి నువ్వెళ్ళు. నాకు ఓపిక లేదు" అన్నారు. ఇంటికి రాగానే కర్రల సంచీ స్టోర్‌రూమ్‌లో పెట్టి తలుపేశారు.

అప్పుడు నాకు ఒక పాత షూటింగ్ గుర్తొచ్చింది. అప్పట్లో ఒకసారి ఆయనకు భోజనం క్యారియర్ పట్టుకుని సెట్‌కి వెళ్ళాను. నటులు ఎక్కడ నిలబడాలో కెమెరామన్ నేల మీద సుద్దతో గీత గీయిస్తాడు. ఎంత పెద్ద నటుడైనా గీత మీదికొచ్చి మా ఆయన్ని అడిగే మాట ఒకటే, "ఇక్కడేనా?" ఆ రోజు ఒక ముసలి నటుడు గుమ్మం దగ్గర గీత మీంచి బయల్దేరి, గది దాటొచ్చి డైలాగ్ చెప్పాలి. వచ్చేసరికి ఊపిరి అందట్లేదు. ఎన్ని టేకులైనా అంతే. ఈయన లైటింగ్ మార్చాలని వంక పెట్టి అందర్నీ బయటికి పంపి, గీతను ముందుకు జరిపి, గది పొడుగ్గా కనబడే లెన్స్ వేశారు. వెంటనే షాట్ ఓకే అయింది. ఆ పెద్దాయనకు ఏమీ తెలియలేదనే మేం అనుకున్నాం. నేనైతే అలాగే అనుకున్నాను.

ఆయనకు ఆయన వైద్యమే చేద్దామనుకున్నాను. "ఒక్కరోజు నాకు తోడు రండి" అని బలవంతంగా తీసుకెళ్ళాను. ఆయన కాఫీ తాగుతుండగా ఆట మొదలుపెట్టే చోటికి వెళ్ళాను. మాలి గడ్డికి నీళ్ళు పెడుతున్నాడు. నీలం దిమ్మెలు బాగా ముందుకు జరపమని అడిగాను.

"గడ్డి పాడుగాకుండ మేం రోజూ జర జరుపుతనే ఉంటం అమ్మా. గని గంత ముందుకా? ఎవలన్న జూస్తే నన్నంటరు" అన్నాడు.

"మేం కొట్టగానే వెనక్కి పెట్టేస్తానయ్యా."

"అయితే నేనేం జూడలే" అని పైపు అటువైపు తిప్పుకున్నాడు. రెండు దిమ్మెలూ నేనే మోసుకెళ్ళి, దాదాపు వాగు ఒడ్డున పెట్టాను.

ఆయన వచ్చారు. బంతి పెట్టి, కర్ర పట్టుకుని నిలబడ్డారు. కొట్టలేదు. కోటవైపు చూశారు, కాళ్ళకేసి చూసుకున్నారు.

"ఎవరు జరిపారు?"

"ఏంటి జరిపేది?" అన్నాను. ఎంతమంది హీరోయిన్లకో గొంతిచ్చినదాన్ని, ఆ ఒక్క ముక్క నమ్మేలా చెప్పలేకపోయాను.

"ఇక్కణ్ణుంచి చూస్తే కోట గోడ విరిగిన చోటు ఆ వేపచెట్టు వెనక ఉండాలి. ఇవాళ పక్కకొచ్చి కనబడుతోంది."

కోపంతో కారెక్కేస్తారనుకున్నాను. ఆయన పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు.

"ఆయనకీ తెలిసింది" అన్నారు.

"ఎవరికండీ?"

"ఆ పెద్దాయనకి. షాట్ అయ్యాక నా దగ్గరకొచ్చి, 'గది చిన్నదయిందేంటయ్యా' అన్నాడు. నేను లైట్‌మీటర్ చూసుకుంటూ కూర్చున్నాను. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ సినిమా తర్వాత ఇంకోటి ఒప్పుకోలేదు." కర్రతో గడ్డి మీద గీస్తూ అన్నారు, "ఓ మాట అడిగి జరిపుండాల్సింది. ఆయనే వచ్చి నిలబడేవాడేమో."

నాకు ఏడుపొచ్చింది. ఆయన అంత మాట చెప్పుకునేలా చేసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

ఆయన లేచి ఒక దిమ్మె తీసుకున్నారు. "ఇంకోటి పట్టు. పాపం ఆ మాలికి మాటొస్తుంది" అన్నారు. ఇద్దరం వాటిని ఉన్నచోటికే మోసుకెళ్ళి పెట్టాం. తర్వాత వాగు పక్కనున్న బాట పట్టి నడిచాం. వంతెన దగ్గర ఆయన ఆగారు, నేనూ ఆగాను. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ కదిలారు.

తెల్ల దిమ్మెల దగ్గరికి అప్పటికే ఎవరో నలుగురు చేరారు. మావైపే చూస్తున్నారు. ఆయన వాళ్ళను చూశారు, చూసి కూడా ఎర్ర దిమ్మెల మధ్యకు వెళ్ళి వంగి బంతి పెట్టారు. తలెత్తి, జీవితమంతా ఇతరుల నోట విన్న మాటను నన్నడిగారు.

"ఇక్కడేనా?"

"ఇక్కడేనండీ" అన్నాను.

ఆయన కొట్టారు. బంతి ఎక్కడ పడిందో ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. నేను చూడలేదు. చప్పుడు విన్నాను, చాలు.