తిరగేసిన తివాచీ

మా ఆయన నాగదుర్గారావుగారికి ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళు ఏమన్నా సరే, "అదేం కాదు" అనాలి. ఎండ మండిపోతోందంటే "అదేం కాదు, వెలుతురు ఎక్కువైంది" అంటారు. పెళ్ళిచూపుల్లో మా నాన్న మొహమాటపడుతూ "అమ్మాయి కాస్త నలుపండీ" అంటే "అదేం కాదండీ" అన్నారు. ఆ ఒక్క మాటకే మురిసిపోయి పీటలెక్కాను. కాపురానికొచ్చాక "కూరలో ఉప్పు సరిపోయింది కదండీ?" అని అడిగితే తెలిసింది, అది ప్రేమ కాదు, అలవాటని.

మా పక్కింటి నన్నే సాహెబుగారు ఏలూరు తివాచీలు నేసిన మనిషి. ఆయన భార్య రహీమున్నీసా నా ప్రాణస్నేహితురాలు. మధ్యాహ్నంపూట ప్రహరీగోడకి అటు నిలబడి ఆవిడ నవల చదివేది, ఇటు నేను చింతచిగురు బాగుచేసుకుంటూ వినేదాన్ని. కిడ్నీలు పాడై మొన్న వేసవిలో పోయింది. మా నవల సగంలోనే ఆగిపోయింది. ఆ కోపం నాకు దేవుడి మీద ఇంకా ఉంది.

పలకరించడానికి బయల్దేరేముందే "ఏవండీ, మీకు పుణ్యముంటుంది, అక్కడ నోరెత్తకండి" అని బతిమాలాను. ఎత్తకుండా ఉంటారా? అక్కడెవరో పెద్దాయన "పోయి సుఖపడిందండీ మహాతల్లి" అన్నారు.

"అదేం కాదండీ. ఉంటే బాగుండేది" అన్నారు మా ఆయన.

అందరూ తలలు దించుకున్నారు. నేనైతే భూమిలోకి కుంగిపోయాను. సాహెబుగారు మాత్రం తలెత్తి ఈయన్ని చూశారు.

తర్వాత సాహెబుగారు మాట మానేశారు. తిండీ మానేశారు. గడ్డం కింద ఎముకలు తేలాయి. కొడుకు నవీద్ మా గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"అమ్మ పుస్తకాలు కనిపిస్తే నాన్నకి ఆవిడ గొంతు వినిపిస్తోందట ఆంటీ. పాతపేపర్లవాడికి వేసెయ్యమన్నారు. నాన్న ఆఖరిసారి మాట్లాడింది అదే. వేసెయ్యక తప్పదనుకుంటా."

"అదేం కాదు. వాటితో మా ముందుగదిలో లైబ్రరీ పెడుతున్నాను" అన్నారు మా ఆయన.

నేను నోరెళ్ళబెట్టాను. చేపల మేత వ్యాపారం చేసినన్నాళ్ళూ బస్తాల మీది అచ్చు తప్ప మరేదీ చదివిన పాపాన పోని మనిషి!

మర్నాడే వడ్రంగి దిగాడు. గోడలనిండా అరలు, పడక్కుర్చీ, దీపం. అటకమీదున్న తివాచీ కూడా దింపి పరిచారు. అది సాహెబుగారు నేసిందే. అంతా అయ్యాక, సాహెబుగారు వద్దన్నట్టు తలూపుతున్నా వినకుండా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

ఆ గది చూస్తే నాకే తల తిరిగింది. పుస్తకాల పేర్లు గోడవైపు, కుర్చీ మొహం గోడవైపు, దీపం తలుపు వెనక. సాహెబుగారు ఇవేవీ చూడలేదు. కిందికే చూస్తున్నారు.

"దుర్గారావుగారూ... తివాచీ తిరగేశారండీ." అన్నాళ్ళకి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"అదేం కాదండీ, ఇదే పైవైపు."

"నేసింది నేనండీ!"

"నేసింది మీరే, తొక్కేది నేను."

"దారపు ముళ్ళు అడుక్కి పోవాలండీ బాబూ! ఊలు పైకుంటేగా అరికాలికి మెత్తగా ఉండేది!"

"అదేం కాదండీ. ముళ్ళు గుచ్చుకుంటేనే చదువుతూ నిద్రపోకుండా ఉంటాం."

వాదన ముదిరింది. ఆ వేడిలో సాహెబుగారు నేను పెట్టిన పెసరట్టు చూసుకోకుండా తినేశారు. నేను వంటింట్లోకెళ్ళి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చాను.

ఆ రోజునుంచీ రోజూ వస్తున్నారు. కుర్చీ తిప్పమంటారు, దీపం మార్చమంటారు. ఈయన ఒప్పుకోరు. ఆ గది ఎప్పటికీ తెమలదు. ఓ పొద్దున విసుగొచ్చి, ఊడుస్తూ తివాచీ సరిగ్గా పరిచేశాను. ఈయన పళ్ళు తోముకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"మంగా, తిరగెయ్యి, తిరగెయ్యి! సాహెబుగారు వచ్చే వేళయింది!"

"అయితే తెలిసే చేస్తున్నారా?"

"అదేం కాదు" అన్నారు గానీ, నా మొహం చూడలేదు. వంగి ఓ కొస పట్టుకున్నారు. రెండో కొస నేను పట్టుకున్నాను.

నిన్న సాయంత్రం సాహెబుగారు అరలోంచి ఒక పుస్తకం తీశారు. మా సగం నవలే. ఆవిడ మడిచిన పేజీ అలాగే ఉంది. చాలాసేపు దాన్ని నిమిరి మూసేశారు.

"ఈ గది కూడా అయిపోతే ఇంక నాకు పనేముందండీ? ఆవిడ దగ్గరికి పోవాలనుంది. నేనుండి ఎవరికి లాభం?"



"అదేం కాదండీ" అన్నారు మా ఆయన. తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, "రేపు పెయింటర్ని రమ్మన్నాను. గదంతా నల్లరంగు వేయిస్తున్నాను" అన్నారు.

"నల్లరంగా? చదువుకునే గదికి నల్లరంగేవిటండీ!"

"నలుపైతే చల్లగా ఉంటుంది."

"ఎవరండీ మీకు చెప్పింది!"

ఈ పొద్దున పాలు కాగకముందే గేటు చప్పుడైంది. సాహెబుగారు తెల్లరంగు డబ్బా మోసుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఎవరి మాట వినాలో తెలీక పెయింటరు అరుగుమీద బీడీ వెలిగించాడు. ఇద్దరూ ఉప్మా తింటూనే కేకలేసుకున్నారు. కాసేపటికి సాహెబుగారు ఖాళీ పళ్ళెం నావైపు చాపారు.

"అమ్మా మంగాదేవీ, ఇంకాస్త పెట్టమ్మా. ఈయనతో వాదించాలంటే ఒంట్లో ఓపికుండాలి."