శ్రావ్య బ్రష్‌కు తగిలిన రాయి

2023. సింగపూర్‌లో నేను కర్లింగ్ కోచ్‌గా ఉన్న రెండో ఏడాది. ఏడాది పొడుగునా ఉక్కపోసే ఊళ్లో మంచు మీద ఆడే ఆట నేర్పుతున్నానంటే మా బావమరిది ఇప్పటికీ నమ్మడు. "మంచు ఊడవడానికి అంత దూరం వెళ్లాలా బావా?" అని ఫోన్ చేసినప్పుడల్లా ఏడిపిస్తాడు. వాడి మాటలో కొంత నిజం లేకపోలేదు. బరువైన గ్రానైట్ రాయిని ఒకరు మంచు మీద జారవిడుస్తారు. దాని ముందు ఇద్దరు బ్రష్‌లతో గబగబా మంచును రుద్దుతూ పోతారు. రుద్దితే రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా వెళుతుంది. అవతలి చివర గీసిన వలయాలను హౌస్ అంటారు. ఆ హౌస్ నడిమధ్యకు ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు.

కెనడాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు నాకీ పిచ్చి పట్టింది. అక్కడ చాలా ఏళ్లు క్లబ్బు జట్టు తరఫున పోటీల్లో ఆడాను. పెద్ద పోటీకి వెళ్తామనుకున్న ఏడాదే మోకాలు దెబ్బతింది, అంతటితో ఆట సరి. తర్వాత బ్యాంకు ఉద్యోగం మీద సింగపూర్ వచ్చి, హౌగాంగ్‌లో ఫ్లాట్ తీసుకుని, స్కేటింగ్ రింకు ఖాళీగా దొరికిన ఆదివారాల్లో నేర్పడం మొదలుపెట్టాను. ఆటగాడిగా వెళ్లలేని చోటికి కోచ్‌గానైనా వెళ్లాలని నాకు ఎంత కక్కుర్తిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే మొహం చెల్లదు.

ఈ ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. కదులుతున్న రాయికి బ్రష్ తగిలితే దాన్ని బర్న్‌డ్ స్టోన్ అంటారు, అంటే చెడిన రాయి. మంచు మధ్యలో తగిలితే దాన్ని అక్కడే ఆపి పక్కకు తీసెయ్యాలి. మా స్థాయి ఆటల్లో అంపైర్లు ఉండరు. తగిలించినవాళ్లే చెయ్యెత్తి చెప్పాలి. మా పిల్లలకు ఈ సంగతి నేను చెప్పాను గానీ, ఏదో చెప్పాలి కాబట్టి చెప్పాను. పైగా ఒకసారి ప్రాక్టీసులో ఒక అమ్మాయి ఇలాగే చెయ్యెత్తితే, "అంత చిన్నదానికి ఆట ఆపాలా? ఎవరు చూశారని?" అని అందరి ముందూ విసుక్కున్నాను. శ్రావ్య అప్పుడు అక్కడే ఉంది.

శ్రావ్య వాళ్ల అమ్మానాన్నలది గుంటూరు, తను పుట్టింది ఇక్కడే. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, అదీ మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో, జవాబిస్తుంది. మంచు మీద నన్ను కోచ్ అంటుంది, బూట్లు విప్పగానే అంకుల్ అంటుంది. రుద్దడంలో ఆ పిల్లకు సాటి లేరు.

ఆ ఏడాది విదేశంలో ఒక టోర్నమెంటు ఉంది. మా దగ్గర నుంచి ఒక్క మహిళల జట్టే వెళ్లాలి. ఉన్నవి రెండు జట్లు, కాబట్టి ఒక మ్యాచ్ పెట్టి తేల్చుకోమన్నారు. అవతలి జట్టు స్కిప్, అంటే కెప్టెన్, బెడోక్‌లో ఉండే లిమ్ ఆంటీ. రిటైరైన టీచరమ్మ, అరవై దాటినా రాయిని దూదిలా జారవిడిచేది.

చివరి రాయి మాది. హౌస్‌లోకి వెళితే గెలుస్తాం, లేకపోతే లేదు. రాయి కదిలింది. కాస్త నెమ్మదిగా వస్తోందని శ్రావ్య ఒంగి ప్రాణం పెట్టి రుద్దుతోంది. మంచు సగం దాటకముందే ఆమె బ్రష్ రాయి అంచుకు తగిలింది. నేను పక్కనే రింకు అద్దం వెనక ఉన్నాను, స్పష్టంగా చూశాను. శ్రావ్య తలెత్తి తిన్నగా నా వైపు చూసింది.

నేను కిందికి ఒంగి షూలేస్ కట్టుకున్నాను. అది ఊడిపోలేదు.

తలెత్తేసరికి రాయి హౌస్‌లో ఆగి ఉంది, మా పిల్లలు గెంతుతున్నారు. లిమ్ ఆంటీ వచ్చి వరసగా అందరితో చేతులు కలిపింది. చేతులు కలిపితే ఆట ముగిసినట్టే, ఫలితం ఇక మారదు. "కంగ్రాట్స్, కోచ్" అంది నాతో. నేను నవ్వాను కూడా.

ఆట అయ్యాక గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు ఏదైనా తాగించి, కలిసి కూర్చోవాలన్నది ఇంకో ఆనవాయితీ. కింద హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాల్లో, రెండు బల్లలు కలిపి కూర్చున్నాం. అందరూ కోపి, అంటే ఇక్కడి కాఫీ, తాగుతున్నారు. శ్రావ్య గ్లాసు ముట్టుకోలేదు.

"వై నాట్ డ్రింకింగ్? కోల్డ్ ఆల్రెడీ లా," అంది లిమ్ ఆంటీ.

"ఆంటీ, ఐ బర్న్‌డ్ ఇట్," అంది శ్రావ్య. "లాస్ట్ స్టోన్. మై బ్రష్ టచ్డ్. సారీ ఆంటీ. యూ ఆల్ షుడ్ గో."

లిమ్ ఆంటీకి ఆశ్చర్యం కలిగినట్టు లేదు. ఆమె నా వైపు తిరిగి, "కోచ్, యూ సా ఆర్ నాట్?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా శ్రావ్యే అందుకుంది. "నో లా ఆంటీ. అంకుల్ డిడ్న్ట్ సీ. హి వాజ్ టైయింగ్ హిజ్ షూ."

ఆ మాట వినగానే నేను కూర్చున్న స్టూలు కింద నేల కుంగిపోతే బాగుండుననిపించింది. తన తప్పు దాచుకోలేని పిల్ల, నా తప్పు దాచడానికి క్షణం ఆలోచించలేదు. పెద్దమనిషిని కదా, నా పరువు తనే కాపాడాలనుకుంది. "చూశాను. తగలడం చూశాను. తను నా వైపు చూడటం కూడా చూశాను," అన్నాను. ముందు తెలుగులో అనేశాను. తర్వాత లిమ్ ఆంటీ కోసం ఇంగ్లీషులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

లిమ్ ఆంటీ నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. చల్లారిన గ్లాసు పక్కకు జరిపి, శ్రావ్య కోసం వేడి కోపి తెప్పించి, "నౌ డ్రింక్," అంది. ఫలితం మారకపోయినా మేమే తప్పుకున్నాం, ఆ టోర్నమెంటుకు వాళ్ల జట్టే వెళ్లింది.

మా పిల్లలందరికీ ఆ తర్వాతి ఆదివారం క్షమాపణ చెప్పాను. ప్రాక్టీసులో చెయ్యెత్తితే నేను విసుక్కున్న అమ్మాయికి విడిగా చెప్పాను. "ఓకే లా కోచ్," అని తను తేలిగ్గా తీసుకుంది. నాకు మాత్రం తేలికవలేదు. రాయి ఎలా వదలాలో, ఎప్పుడు రుద్దాలో వాళ్లు నా మాటల్లో నేర్చుకున్నారు. ఎప్పుడు నోరు మూసుకోవాలో నా మొహంలో చూసి నేర్చుకున్నారు. కోచ్ మొహం కూడా పాఠం చెబుతుందని నాకు ఆ రోజు తెలిసింది, అదీ ఆ పిల్ల చేత నా కోసం అబద్ధం ఆడించాక.

శ్రావ్య ఇంకా మా జట్టులోనే ఆడుతోంది. మొన్నొక ఆటలో మళ్లీ బ్రష్ తగిలింది. వెంటనే ఆగి చెయ్యెత్తింది. ఈసారి నా వైపు చూడలేదు.