గోడకు మేకు కొట్టరాదు

కొనబోయే ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని హన్నా ఒకే ప్రశ్న వేసుకునేది: దీనితో మనిషిని ఎంత గట్టిగా కొట్టవచ్చు?

ఆ ప్రశ్న ఆమెకు ఏడేళ్ళ కాపురం నేర్పింది. మైలవరం దగ్గరి పల్లెలో పుట్టి, నర్సు చదువు చదివి, గవర్నర్‌పేటలో ఒక ఎముకల ఆసుపత్రిలో పనికి కుదిరి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పాల్‌ను పెళ్ళాడింది. టేకు పీట ఆమె మెడ కింది ఎముకను విరిచింది. ఇత్తడి బిందె చెవి వెనుక మచ్చ మిగిల్చింది. అలమర అద్దం మోచేతిని చీల్చింది. తోటి నర్సులు కట్టు కడుతూ "మళ్ళీ బాత్‌రూమ్‌లో జారావా?" అని అడిగేవారు. జారాననే చెప్పేది. ఆ ఇంట్లో ఉన్నవి సామాన్లు కావు, ఆయుధాలు. చట్టం వాటిని ఆయుధాలుగా గుర్తించాలంటే ముందు ఆమె శవమై ఉండాలి.

1999 వేసవిలో ఒక్క సంచితో బయటపడింది. మొగుణ్ణి వదిలి వచ్చిన ఆడదని తెలియగానే ఊరంతా తలుపులు మూసుకుంది. చివరకు భవానీపురంలో సంపూర్ణమ్మ అనే వితంతువు తన డాబా మీది ఒంటిగదిని అద్దెకిచ్చింది. ఇది పోతే హన్నాకు మిగిలే దారి మళ్ళీ పాల్ ఇంటికే.

"ఏమన్నా చేసుకో అమ్మాయ్," అంది సంపూర్ణమ్మ. "గోడకు మాత్రం మేకు కొట్టకూడదు. తలుపుకీ అంతే. మావారు దగ్గరుండి చేయించిన టేకు తలుపది."

బెజవాడలో అద్దెకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన శాసనమిది. ఏ చట్టసభా చేయలేదు, ఏ కోర్టూ కొట్టివేయలేదు.

హన్నా దానికి లోబడే గదిని అమర్చుకుంది. కిటికీ ఊచ నుంచి అటక కొక్కెం దాకా నైలాన్ తాడు లాగి, లేత నీలం పరదా వేసి, వంటకూ పడకకూ మధ్య హద్దు గీసింది. నవారు మంచం, తుంగచాప, ప్లాస్టిక్ కుర్చీ, తేలికపాటి స్టీలు గ్లాసులు. గిన్నెలకు ఆపిల్ పెట్టెలు. అరచేతిలో ఇమిడే అద్దం. కోసిన సీసాలో మనీప్లాంట్. నైట్ డ్యూటీ చేసి వచ్చి, పట్టపగలు ఆ పరదా వెనుక నిద్రపోయేది. అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడని నిద్ర.

లోటు ఒక్కటే, తలుపు గడియ. సందు చివరి వడ్రంగి ఇష్తియాక్ దాన్ని రెండు వేళ్ళతో ఊపి నవ్వాడు.

"ఇది గడియా అక్కా? పిల్లి గీరినా ఊడొస్తుంది."

ఇనుప అడ్డకమ్మీ ఒకటి చేయించి తెచ్చాడు. తలుపుకు కన్నాలు వేసి బిగించడమే తరువాయి. కింద సంపూర్ణమ్మ శివమెత్తింది.

"నా తలుపుకు కన్నాలా? ఇదేమన్నా జైలా?"

హన్నా తలవంచింది. కమ్మీని వార్తాపత్రికలో చుట్టి మంచం కిందికి తోసింది. మంచి కిరాయిదారు అనిపించుకోవాలనుకుంది. ఆ గదిలో ఆమె చేసిన ఘోరమైన తప్పు అదే.

ఆదివారం ఆరాధన ముగిశాక పాల్ వచ్చాడు, వెంట సంఘపెద్ద లాజరును పెట్టుకుని. "మీ ఆయనట, పెద్దమనిషిని తెచ్చుకున్నాడు. పైకి పంపానమ్మాయ్!" అని సంపూర్ణమ్మ కింది నుంచి కేకేసింది. హన్నా గడియ పెట్టింది.

"తలుపు తియ్యి. లాజరు గారొచ్చారు."

"ఆయన్ను రేపు ఆసుపత్రికి రమ్మను."

"భార్యాభర్తలన్నాక సర్దుకుపోవాలమ్మా," అన్నాడు లాజరు.

"ఏడేళ్ళు సర్దుకున్నానండీ. ఎక్స్‌రేలు చూపించనా?"

జవాబుగా తలుపు మీద తన్ను పడింది. రెండో తన్నుకు గడియ మరలతో సహా ఊడి తుంగచాప మీద పడింది. పాల్ లోపలికొచ్చి చుట్టూ చూశాడు.

"ఓహో, బొమ్మరిల్లు కట్టావే!"

కుర్చీ ఎత్తి ఆమె భుజం మీద వేశాడు. కుర్చీ విరిగింది; ఎముక విరగలేదు. ఆపిల్ పెట్టె విసిరాడు. అది గోడకు తగిలి పుల్లలయింది. మనీప్లాంట్‌ను చెప్పుకాలితో నలిపాడు. బరువైనదాని కోసం అతడి చేతులు గదంతా వెతికాయి. దొరకలేదు. ఆ వెతుకులాట అతణ్ణి మరింత పిచ్చివాణ్ణి చేసింది. పరదాను పీకాడు. పరదాతో పాటు తాడు చేతికొచ్చింది.

తాడును మాత్రం హన్నా ఆ ప్రశ్న అడగలేదు. మేకు కొట్టే హక్కుంటే పరదాను మేకులకే వేలాడదీసేది, తాడుతో పనే ఉండేది కాదు.

తాడు ఆమె మెడకు రెండు చుట్లు పడింది. గడప అవతల నుంచి లాజరు "వద్దు పాల్, వద్దు బాబూ" అంటున్నాడు. అడుగు మాత్రం లోపల పెట్టలేదు. మెట్ల మీద సంపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. చూపు నల్లబడుతుండగా హన్నా మోకాళ్ళ మీద కూలింది. మంచం కింద వేళ్ళకు కాగితం తగిలింది, దాని లోపల ఇనుము.

వెనక్కి తిప్పి కొట్టింది. ఆ చప్పుడు ఏమిటో ఆమెకు తెలుసు. తాడు వదులయింది. లేచి మరొకటి వేసింది, మోకాలి మీద. పాల్ నేలకొరిగి ఎద్దులా అరిచాడు.

"నా చెయ్యి! చెయ్యి విరగ్గొట్టిందన్నా!"

"మణికట్టు," అంది హన్నా. గొంతు బొంగురుపోయింది. "బాత్‌రూమ్‌లో జారానని చెప్పు. కట్టు కడతారు."

లాజరు అతణ్ణి ఈడ్చుకుపోయాడు. అప్పుడు సంపూర్ణమ్మకు నోరొచ్చింది.

"ఇట్లాంటి గొడవల మనిషివని తెలిస్తే ఇచ్చేదాన్నా? రేపే ఖాళీ చెయ్యి!"

"వాణ్ణి పైకి పంపింది మీరు పిన్నిగారూ. నన్ను పంపాలంటే కోర్టుకెళ్ళండి. నా మెడ చూసి జడ్జిగారు ఏమంటారో విందాం."

సంపూర్ణమ్మ ఆ మెడ వైపు చూసింది. రెండు ఎర్రటి వాతలు. మెట్లు దిగింది.

ఆ సాయంత్రమే ఇష్తియాక్ వచ్చాడు. రక్తం తుడిచిన కమ్మీ కాస్త వంగింది. సుత్తితో సరిచేసి తలుపుకు బిగించాడు. టేకు పొట్టు గడప మీద రాలింది.

"సుత్తి ఇటివ్వు," అంది హన్నా.

గోడ నట్టనడుమ మేకు పెట్టి కొట్టింది. సున్నం పెచ్చులై ఊడింది. కింద నుంచి ఏ కేకా రాలేదు. రేపటి డ్యూటీకి ఉతికి ఉంచిన తెల్లకోటును ఆ మేకుకు తగిలించి, తాడును కత్తిరించడానికి కత్తెర వెతుక్కుంది.