తుపాకి ముందు అప్పజెప్పిన సూత్రాలు

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం అయిదుంబావుకు కువైట్‌లోని సబ్హాన్ అనే పారిశ్రామిక ప్రాంతంలో, నేను పనిచేసే గోదాములో గణిత సూత్రాలు బట్టీ పడుతుండగా ఇరాక్ ఫిరంగులు మోగాయి. కాలేజీకి వెళ్లకుండా పరీక్షలు మాత్రమే రాసి డిగ్రీ పొందే పద్ధతిలో నాకు అప్పటికి రెండు పేపర్లే మిగిలాయి.

పదకొండో రోజున సోదా చేస్తున్న ఒక ఇరాకీ సైనికుడు నా జేబులోని సూత్రాల చీటీలను రహస్య సంకేతాలనుకుని ఛాతీకి తుపాకి ఆనించాడు.

"ఇమ్తిహాన్! ఇమ్తిహాన్!" పరీక్షేనని అరబ్బీలో మొత్తుకున్న మా రాయచోటి డ్రైవరు ఖాదర్ నావైపు తిరిగి, "గుడ్లప్పగిచ్చి చూచ్చావేందిరా? బడిలో మాదిరి అప్పజెప్పు!" అన్నాడు.

చేతులు కట్టుకుని, ఊగుతూ, ఎక్కాల రాగంలో అప్పజెప్పాను. మూడు తప్పులు దొర్లాయని తరువాత తెలిసింది. తెలుగు రాకపోయినా ఆ రాగం అతనికీ పరిచయమే కాబోలు. నవ్వి తుపాకి దించాడు. చీటీలు మాత్రం చించేశాడు.

పోయినవి: పద్నాలుగు చీటీలు, ఆ ఏటి డిగ్రీ. మిగిలినవి: పాస్‌పోర్టు, ప్రాణం.