నెత్తిమీద గుడ్డ, కాళ్ళకింద గుడ్డ

నేనూ, నా భార్య చెల్లెలి భర్తా ఇద్దరమూ బట్టలే తయారు చేస్తాం. అలా చెబితే అందరూ చీరలనుకుంటారు. మావి ఒంటికి కట్టుకునేవి కావు. అతను నోయిడాలో పెద్ద పెద్ద పందిళ్ళకీ, షెడ్ల పైకప్పులకీ వాడే బట్ట డిజైన్ చేస్తాడు. గట్టి పాలిస్టర్ నూలుతో నేసి, రెండువైపులా ప్లాస్టిక్ పూత పూసిన బట్ట. తెల్లగా, నున్నగా, లాగి కడితే తెరచాపలా నిలబడుతుంది. సోనీపత్ దగ్గర నేను చేసేది రోడ్ల కింద పరిచే బట్ట. దానికి పడుగూ లేదు, పేకా లేదు. దూదిలాంటి పోగుల్ని పొరలు పొరలుగా పేర్చి, ముళ్ళున్న సూదులతో పైకీ కిందకీ పొడిపిస్తాం. పోగులు ఒకదానికొకటి చిక్కుపడి దుప్పటిలా తయారవుతుంది. రంగు కూడా బూడిదరంగే. దాన్ని మట్టి మీద పరిచి పైన కంకర పోస్తారు. నీళ్ళు దాని గుండా దిగిపోవాలి, మట్టి మాత్రం పైకి రాకూడదు. చిల్లులు కాస్త పెద్దవైతే మట్టి వస్తుంది, చిన్నవైతే నీళ్ళు నిలుస్తాయి. ఆ మధ్య కొలత పట్టుకోవడమే నా ఉద్యోగం. ఆ తర్వాత దాని మీద రోడ్డు వేసేస్తారు, ఇక దాన్ని చూసే నాథుడు ఉండడు.

తోడల్లుళ్ళన్నాక పోలిక తప్పదు. అత్తగారింట్లో కోడికూర వడ్డించేటప్పుడే అది మొదలవుతుంది, లెగ్ పీసు ముందు ఎవరి కంచంలో పడిందా అని. నాది అంతకన్నా బాగా ముదిరిన జబ్బు. ఏ మాల్ ముందు నుంచి వెళ్ళినా నా భార్య కారాపించి, మా మరిది గారి పందిరండీ అని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది. ఒకసారి ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తూ, మనం ఇప్పుడు నా బట్ట మీదే వెళ్తున్నాం అని గర్వంగా చెప్పాను. ఆవిడ కిటికీలోంచి ఓసారి తొంగిచూసి, టీ కొట్టు ఎక్కడుందో చూడమంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి అంది, "దిఖ్తా తో నహీ హై, పాపా." కనపడదు. అదే కదా నా ఏడుపు. మా వాళ్ళందరి ముందూ ఎవరైనా ఒక్కసారి వేలు పెట్టి చూపించి, ఇది ఇతను చేసిన పని అనాలి. నేను కోరుకున్నది అంతే.

నోయిడా పక్కనే, మయూర్ విహార్‌లో మా తెలుగు చర్చి ఉంది. సంఘంలో సగం మంది నర్సులే, నా భార్యతో సహా. చర్చి ఆవరణ రోడ్డు కన్నా పల్లంలో ఉంటుంది. వానాకాలం వస్తే చెరువే. ఆరాధన అయ్యాక చీరలు ఎత్తిపట్టుకుని, బురదలో నిలబడి భోజనాలు చేసేవాళ్ళం. ఏదో ఒకటి చెయ్యాలని సంఘం కూర్చుంటే, ఎవరూ నోరు తెరవకముందే మా తోడల్లుడు లేచి, పందిరి నేను వేయిస్తానన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. పందిరి వేస్తే సరా, కింద నిలిచే నీళ్ళ సంగతేంటి, నేల సంగతి నేను చూసుకుంటాను అని నేనూ లేచాను. భక్తితో అన్న మాట కాదది, పంతంతో అన్నది. అయినా పని మాత్రం శ్రద్ధగా చేశాను. నేల తవ్వించి, నా బట్ట పరిపించి, పైన కంకర పోయించి, అడుగునుంచి డ్రైన్‌లోకి గొట్టం వేయించి, ఆ పైన పలకలు పరిపించాను.

మా చర్చిలో ఎవరేమిచ్చినా దాని మీద పేరు రాయిస్తారు. ఫ్యాన్ రెక్కల మీద పేర్లు, గోడ గడియారం మీద పేరు, కుర్చీల వీపుల మీద పేర్లు. పందిరి అంచున మా తోడల్లుడి కుటుంబం పేరు బారెడు అక్షరాల్లో వెలిసింది. తర్వాత పాస్టర్ అయ్యగారు నా దగ్గరికొచ్చి, మీది ఎక్కడ రాయిద్దామని అడిగారు. కాసేపు నేలకేసి చూసి, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నారు కదా అని ఆయనే తేల్చేశారు. ఆ వాక్యం ఫ్యాన్లిచ్చినవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ ఏడు మొదటి పెద్ద వాన ఆదివారమే పడింది. ఆరాధన అయ్యేసరికి బయట కుండపోత. అందరూ పందిరి కిందికి వచ్చి కంచాలు పట్టుకున్నారు. పందిరి అంచుల నుంచి నీళ్ళు ధారగా పలకల మీద పడుతున్నాయి, పడ్డవి పడ్డట్టే సందుల్లోంచి దిగిపోతున్నాయి. ఒక్క చెప్పు తడవలేదు. ఇప్పుడైనా ఎవరైనా కిందకి చూస్తారేమోనని నేను చుట్టూ చూశాను. అందరూ తలలెత్తి పైకి చూస్తున్నారు. ఏం గుడ్డండీ, చుక్క నీరు నిలవలేదు అంటున్నారు. నిరుడు మడమల దాకా మునిగాం, మరిది గారి పుణ్యమా అని ఈసారి హాయిగా తింటున్నాం అని నా భార్య పక్కావిడతో చెబుతోంది. నేను కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాను.

అయ్యగారు మా తోడల్లుణ్ణి రెండు మాటలు చెప్పమన్నారు. అతను కంచం పక్కన పెట్టి లేచాడు.

"మీరందరూ పైకి చూస్తున్నారండీ. నా గుడ్డ వానని పక్కకి నెడుతుంది, అంతే. ఆ నీళ్ళు మళ్ళీ మన ఆవరణలోనే పడతాయి. మరి ఏవీ? మా అన్నయ్య గుడ్డ తాగేసింది. ఒక్కసారి మీ కాళ్ళకింద చూడండి."

తాగడం కాదు, దింపడం. ఆ తేడా కూడా తెలియకుండా మాట్లాడాడని నాకు ముందు కోపమొచ్చింది. ఈలోగా అందరి తలలూ ఒక్కసారి వంగాయి. ఒకాయన చెప్పు కొసతో పలకని తట్టి చూశాడు. ఎవరో ఆమేన్ అన్నారు, చప్పట్లు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి నాకు చెయ్యి కూడా కలిపారు. కలుపుతూనే అతనికేసి చూసి, ఎంత దొడ్డ మనసండీ, తన మెప్పు తీసి మీకిచ్చాడు అన్నారు. నేను చెప్పుకుంటే గొప్పలయ్యేవి, అతను చెప్పాడు గనక మంచితనమైంది.

నా భార్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "మీ పని ఇదని నాకెప్పుడైనా ఇంత వివరంగా చెప్పారా? మరిది గారు చూడండి, ఎంత బాగా చెప్పారో" అంది.

ఇన్నాళ్ళూ అసూయ పడటానికి నాకో కారణం ఉండేది. అతని పని అందరికీ కనిపిస్తుంది, నాది కనపడదు. ఇప్పుడు నా పని అందరూ చూశారు, నా భార్యతో సహా. అతను వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అన్నయ్యా, ఇంకాస్త పెరుగు వేసుకో అన్నాడు. వేసుకున్నాను. నా అసూయ మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.