చిత్తూరు బస్సెక్కిన రాజూ రాణీ

పోయిన ఆదివారం నేను చేసిన నిర్వాకం వినండి. ఇంగ్లండు రాజునూ రాణినీ మిట్టమధ్యాహ్నం తిరుపతి బస్టాండు దాకా తరుముకుంటూ పోయాను! నవ్వకండి. నవ్వే ఘట్టం ముందుంది, అదీ నా మీదే. ముందు టీ తీసుకోండి, చల్లారిపోతుంది.

నా సంగతి మీకు తెలిసిందే. బస్టాండు దగ్గర లాడ్జిలో రిసెప్షన్ నాది. ఉండేదీ అక్కడే, టెర్రస్ మీద రేకుల గదిలో. పెళ్ళీ పెటాకులూ లేవు. రోజూ ఎన్ని మొహాలు చూస్తానో! అందరూ కొండకు పోయేవాళ్ళు, లేదంటే కొండ దిగి వచ్చినవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే: "సార్, హాట్ వాటర్ ఎన్నింటికి వస్తుంది?" మొహం గుర్తుపట్టేలోపు రూము ఖాళీ చేసి వెళ్ళిపోతారు. మీ పేరేంటని అడిగినవాళ్ళు లేరు. ఎప్పుడైనా ఎవరైనా సామ్యూల్ అని పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాను. అంత అలవాటు తప్పింది.

ఆ గదిలో నాకు తోడు స్టాంపులు. అవీ మన దేశానివి కావు, బ్రిటన్‌వి. అదీ మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజులవి, ఆ తర్వాత పది పదిహేనేళ్ళవి. ఆ పిచ్చి మా మేనత్త మార్తమ్మ అంటించింది. ఆమె మదనపల్లె వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడి ఇంగ్లీషు డాక్టరమ్మ రిటైరై వాళ్ళ దేశం పోయాక ప్రతి క్రిస్మస్‌కూ అత్తకు ఉత్తరం రాసేది. ఆ కవర్ల మీంచి నానబెట్టి తీసిన స్టాంపులే నా ఆల్బంలో మొదటి పేజీలు.

వాటిలో ఒకటి మాత్రం నానబెట్టి తీసింది కాదు. నీలం రంగు, ఒక పౌండు స్టాంపు. ఇప్పటి రాజుగారి తాతకూ అమ్మమ్మకూ పెళ్ళయి పాతికేళ్ళు నిండినప్పుడు వేశారు, ఇద్దరి బొమ్మలతో. ఆ రోజుల్లో పౌండు స్టాంపంటే మాటలా! పెద్ద పెద్ద పార్సిళ్ళ మీద అంటించే సరుకు. "ఎప్పుడో ఒకసారి నా దగ్గరికి వస్తావు చూడు మార్తా. వచ్చినప్పుడు మీ ఇంటికి పార్సిల్ పంపుకోవడానికి దాచుకో" అని డాక్టరమ్మ ఇచ్చిందట.

అత్త ఇంగ్లండు పోలేదు. మద్రాసు పోయింది, కంటి ఆపరేషన్‌కు. స్టాంపు మాత్రం వెనక గమ్ము చెదరకుండా అలాగే ఉండిపోయింది. ఆమె కూడా నాలాగే ఒంటరి మనిషి. చనిపోయే ముందు దాన్ని నా చేతిలో పెట్టింది. అలాంటి స్టాంపును మేం మింట్ అంటాం, అంటే తపాలా డబ్బా మొహం చూడనిది. గమ్ము మీద వేలిముద్ర పడినా దాని పరువు పోయినట్టే.

ఇంత గొప్ప స్టాంపు ఉంది, చూపించడానికి మనిషి లేడు! లాడ్జిలో దిగినవాళ్ళకు చూపిస్తే దర్శనం టికెట్ అనుకుంటారు. అలాంటిది, స్టాంపులవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకరోజు "ఖాదర్, చిత్తూరు" అని కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. చిత్తూరంటే పక్కనే కదా! వెంటనే ఫోన్ చేశాను. ఆయనకు గుడ్డల కొట్టు. పాత బ్రిటన్ కవర్లు పోగేస్తాడు. మొదటిరోజే గంటసేపు మాట్లాడుకున్నాం. గంటసేపు నేను మాట్లాడి ఎన్నేళ్ళయిందో! ఆదివారం రమ్మన్నాను.

వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి పొట్టి చేతుల చొక్కా, చంకలో ప్లాస్టిక్ సంచి. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి పైకి చూశాడు.

"సారూ, ఫ్యాను యేస్తారా?"

"ఫ్యానా! ఖాదర్ భాయ్, స్టాంపులు తీసి పెట్టినానే!"

"అవునవును, మర్సిపోతి."

స్టాంపులు బయటుంటే ఫ్యాను వేయకూడదు, అది మాలో పద్ధతి. ఎగిరిపోతాయి. గాలి కొడుతుందని కిటికీ కూడా మూశాను. టీ గ్లాసు బల్ల మీద పెట్టకూడదు గనక గుమ్మం బయట ఎండలో నిలబెట్టి టీ ఇచ్చాను. తాగి లోపలికొచ్చేసరికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మే నెల, పైన రేకులు. నాకదేం పట్టలేదు. మనిషొచ్చాడు, కూర్చున్నాడు, పేరు పెట్టి పిలుస్తున్నాడు!

మా ఇద్దరి దారులు వేరు. నాకు స్టాంపు కావాలి, ఆయనకు కవరు మొత్తం కావాలి. సంచిలోంచి ఒక కవరు తీశాడు. ఓడల్లో వంటవాడుగా పనిచేసిన వాళ్ళ చిన్నతాత లివర్‌పూల్ నుంచి ఇంటికి రాసింది.

"సూడండి సారూ. ఇది లివర్‌పూల్ ముద్ర. ఇది మద్రాసు. ఎనక పక్క మా చిత్తూరు. యాడెక్కింది, యాడ దిగింది, అంతా ఈ కాయితం మిందనే ఉండాది. మా చిన్నజేజి, అదే ఆయన పెండ్లాం, దీన్ని తలగడ కింద పెట్టుకోని పండుకునేదంట."

బాగుందన్నాను. కానీ నా పౌండు స్టాంపు ముందు అదెంత అనుకున్నాను లోపల. మా అత్త సంగతి చెబుతూ, చిమటాతో, అదే స్టాంపులు పట్టుకునే చిన్న పట్టకారుతో, మెల్లగా తీసి, బల్ల మీది అద్దం పైన బోర్లా పెట్టాను. గమ్ము పైకి కనబడాలి కదా, గొప్పంతా అక్కడే ఉంది!

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "గమ్ము అట్లే ఉండాది సారూ, నిన్న అంగట్లో కొన్నెట్ల! ఇట్లాంటిది నేను యెప్పుడూ సూళ్ళేదు." ఇంకాస్త చూసి మెల్లగా అన్నాడు, "కానీ పాపం, ఇది యాడికీ పోనే లేదే!"

నాకు చురుక్కుమంది. "పోలేదు కాబట్టే దానికి విలువ" అన్నాను, కాస్త గట్టిగానే.

మాట మార్చడానికి ఆల్బం తిప్పాను. చిన్న వయసు రాణి బొమ్మ స్టాంపులు వచ్చాయి. కొన్నిటి వెనక నల్లటి గీతలుంటాయి. పోస్టాఫీసులో మెషీన్ ఆ గీతల్ని పసిగట్టి ఉత్తరాన్ని సరిగ్గా తిప్పి పెట్టేదట. ఖాదర్ భాయ్‌కు అవంటే తెగ సరదా. భూతద్దం పట్టుకుని, మోచేతులు బల్ల మీద ఆనించి, ఒక్కొక్క గీతా చూస్తూ కూర్చున్నాడు. గడ్డం మీంచి చెమట కారుతోంది. తువ్వాలుతో మొహం తుడుచుకోవడం, మళ్ళీ వంగడం. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆపితే లేస్తాడేమోనని భయం.

చివరికి ఆయనే లేచాడు. "సారూ, తల తిరగతా ఉండాది. బస్సుకు పోతా. అంగడి కాడ మా ఆవిడ ఒకతే ఉండాది." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "మళ్ళీ వస్తా సారూ" అన్నాడు. ఆ మాటకు నేను గాల్లో తేలుకుంటూ గదిలోకొచ్చి చిమటా అందుకున్నాను.

బల్ల మీద పౌండు స్టాంపు లేదు!

బల్ల కింద, మంచం కింద, ఆల్బం పేజీల్లో, ఆయన కూర్చున్న కుర్చీ సందుల్లో వెతికాను. చీపురు దులిపాను. ఫ్యాను వేయలేదు, కిటికీ తీయలేదు, ఎగిరిపోయే దారే లేదు. గదిలో ఉన్నది ఇద్దరమే. నేను తీయలేదు. మరి?

ఇట్లాంటిది యెప్పుడూ సూళ్ళేదు అన్నాడు కదా! ఉన్నట్టుండి లేచాడు కదా! తల తిరగడమట! చూశారా బుర్ర ఎలా పనిచేస్తుందో? అప్పటిదాకా దేవుడు పంపిన స్నేహితుడు, చెప్పులేసుకునేలోపు దొంగ!

పరుగెత్తాను. చిత్తూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "ఏం సారూ, ఏమన్నా మర్సిపోతినా?"

"మీరు మరిచిపోలేదు ఖాదర్ భాయ్. పౌండు స్టాంపు కనబడలేదు. ఒకసారి జేబులు చూసుకోండి."

ఆయనకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎలా మారిందో చెప్పలేను. బస్సు దిగాడు. జేబులన్నీ బయటికి లాగాడు. రుమాలు, కళ్ళద్దాల పెట్టె, మనవరాలికి కొన్న మామిడి తాండ్ర ముక్క. సంచి నేల మీద బోర్లించాడు. వాళ్ళ చిన్నతాత కవరు బస్టాండు దుమ్ములో పడింది. జనం పోగయ్యారు. చివరికి రెండు చేతులూ పైకెత్తి, "సూసుకోండి సారూ, ఇంకా యాడన్నా ఎతకల్నా?" అన్నాడు.

అప్పుడు ఆయన వెనక నిలబడ్డ పూలమ్మే ఆవిడ వంగి చూసి అంది, "ఏమప్పా, నీ మోసేతికి ఏందో బొమ్మ అతుక్కోనుండాదే? మొగుడూ పెళ్ళాం బొమ్మ!"

చూశాను. ఎడమ మోచేతి వెనక, చెమటలో, నీలం రంగులో, రాజూ రాణీ! గమ్ము పైకి పెట్టిందెవరు? నేను. చెమట పట్టించిందెవరు? నేనే. మోచెయ్యి ఆనగానే పౌండు స్టాంపు తన పని తాను చేసింది. పుట్టినప్పట్నుంచీ అది నేర్చుకున్న పని అతుక్కోవడమొక్కటే కదా.

ఇప్పుడు అసలు నిర్వాకం వినండి. ఆ క్షణంలో మనిషన్నవాడు ఏం చేయాలి? కాళ్ళ మీద పడాలి. కనీసం సారీ అనాలి. నేనేమన్నానో తెలుసా?

"తియ్యొద్దు! చిరిగిపోతుంది! చెయ్యి వంచొద్దు ఖాదర్ భాయ్, నీళ్ళలో నానబెట్టి తియ్యాలి!"

బస్టాండంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కవరు తీసి దుమ్ము దులిపి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టర్ రైట్ రైట్ అన్నాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి కనబడింది, ఆయన ఎడమ చెయ్యి ముందు సీటు కమ్మీ మీద చాపి పెట్టుకుని కూర్చున్నాడు. వంచలేదు. అంత మాట పడి కూడా స్టాంపు చిరగకూడదని చెయ్యి అలాగే పెట్టుకున్నాడు. అది చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

గదికొచ్చి ఫ్యాను ఫుల్లుగా వేసుకుని కూర్చున్నాను. ఆల్బం అలమరలో పెట్టేశాను. ఎగిరిపోవడానికి బల్ల మీద ఇంకేమీ లేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. సారీ అని మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆయన కోసం కొన్న బిస్కెట్ ప్యాకెట్ తెరవకుండా అలాగే ఉంది. టీ కోసం ఆయన్ను ఎండలో నిలబెట్టానని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. స్టాంపు పోయిందన్న బాధ సోమవారానికే తగ్గింది. మళ్ళీ వస్తా అన్న మనిషి పోయాడన్నది మాత్రం తగ్గలేదు. కింద రిసెప్షన్‌లో ఎవరో, "సార్, హాట్ వాటర్..." అన్నారు. "రాదు!" అని కసిరాను. పాపం, ఆయనెవరో నెల్లూరు నుంచి వచ్చాడు.

ఇదిగో, ఈరోజు పొద్దున పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. లాడ్జికి వచ్చేవి కరెంటు బిల్లులూ నోటీసులూ. అవి ఇచ్చి, "ఇక్కడ సామ్యూల్ ఎవరు?" అన్నాడు. నేను మామూలుగా వెనక్కి తిరిగి చూశాను. తర్వాత గుర్తొచ్చింది.

ఖాకీ రంగు కవరు, చేత్తో రాసిన నా పేరు. కుడి మూల మన స్టాంపు. దాని పక్కనే, బుద్ధిగా అంటించి, రాజూ రాణీ! రాజుగారి ముక్కు మీద గుండ్రంగా చిత్తూరు ముద్ర! నాలోని స్టాంపులవాడు కెవ్వుమన్నాడు. లోపల చిన్న చీటీ.

"సారూ, నీళ్ళలో నానబెట్టే తీసినాను. రాజుకూ రాణికీ ఏమీ కాలేదు. గమ్ము మాత్రం పోయె. ఇంక అది మింట్ కాదు గదా, ఊరికే కూసోబెట్టేది యెందుకని పనిలో పెట్టినాను. కౌంటర్ కాడ అడిగి ముద్ర కూడా కొట్టించినాను. మీ అత్తమ్మ పార్సిల్ పంపలేకపోయె, ఉత్తరమన్నా ఇంటికి చేరనీండి. ఆపొద్దు నాకు శానా కోపం వచ్చింది, అబద్ధం సెప్పను. మీ మెసేజ్ సూసినాను. వచ్చే ఆదివారం మీరే రాండి. మా ఇంట్లో ఫ్యాను తిరగతా ఉంటాది."

రిసెప్షన్‌లో నిలబడి అక్కడే ఏడ్చాను. రూము తాళం కోసం వచ్చినావిడ భయపడి, "వేడి నీళ్ళు లేకపోయినా పర్లేదు సార్" అంది.

ఆ స్టాంపు విలువ ఇప్పుడు సున్నా. నానబెట్టి తీద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది, ఎందుకు దాచాలి మీ దగ్గర. చెయ్యి అంతవరకూ పోయింది కూడా. తీయలేదు. నా కలెక్షన్ మొత్తంలో నా పేరు రాసి ఉన్న కవరు ఇదొక్కటే. తలగడ కింద పెట్టుకున్నాను.

ఆదివారం చిత్తూరు పోతున్నాను. మొదట సారీ చెప్పి ఆ తర్వాతే సంచి కింద పెడతాను. ఎండ మండిపోతోంది, రోళ్ళు పగిలేట్టుంది. అయినా సరే, మోచేతులు కప్పే ఫుల్ చేతుల చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.