అంచేనని నేను చెప్పిన శనివారం

గత మంగళవారం ఉదయం రాజోలు బస్సు కండక్టరు మా వీధి మలుపులో బస్సు ఆపించి, "రాత్రిబడి టీచరుగారు పోయేరంటండీ, మీకు చెప్పమన్నారు" అని నాకు చెప్పి వెళ్లాడు. నేను చేరేసరికే ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. ప్రార్థన ఇంకా మొదలుకాలేదు. వరండాలో ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"మద్రాసులో రొమ్ములో పెట్టించుకున్న ఆ సంచే తినేసిందంటండీ."

"ఆయ్. దేవుడు తీసేసినదాన్ని మళ్లీ తెచ్చుకుంటే ఊరుకుంటాడా?"

"అంత సోకు దేనికండీ, ఆ వయసులో?"

ఆ మాటలకు జవాబు తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడైనా పాఠకులకు విన్నవించడం నా బాధ్యత.

నేను పగలు కొబ్బరిపీచు తాళ్లు పేనుతూ, పొద్దుగూకాక ఆమె దగ్గర చదువుకుని, ముప్పై రెండో ఏట పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కినదాన్ని. ఈ నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవ. ఆమె ఏ మాటనూ తేలికగా నమ్మేవారు కాదు. అచ్చులో ఉన్న లెక్కను కూడా మళ్లీ చేసి చూసేవారు. "ఎవరు చెప్పేరని కాదమ్మాయ్, వాళ్లకెలా తెలిసిందని అడుగు" అనేవారు.

కాకినాడలో కేన్సరుకి రొమ్ము తీసేసిన తరువాత రెండేళ్లపాటు ఆమె గుడ్డసంచిలో చోళ్లు, అంటే రాగులు, పోసి కుట్టి, రవికె లోపల పెట్టుకున్నారు. దూదికి బరువుండదని, ఒక భుజం పైకి లేచిపోతోందని ఆ ఏర్పాటు. నల్లబల్ల మీద రాయడానికి చేయి ఎత్తినప్పుడల్లా అది జారేది. మా వైపు తిరగకుండానే సర్దుకుని పాఠం కొనసాగించేవారు. దాన్ని సోకు అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

చర్మం కింద సిలికాన్ సంచి అమర్చే డాక్టరు మద్రాసులో ఉన్నారని తెలిసి ఆమె వెళ్లినప్పుడు తోడుగా నేనే వెళ్లాను. "ఇంక జన్మంతా దిగులు లేదమ్మా" అన్నారు డాక్టరు. టీచరుగారు నోట్సు పుస్తకం తెరిచారు.

"జన్మ అంటే ఎన్నేళ్లండీ? మీరు పెట్టినవాళ్లలో మళ్లీ కొయ్యాల్సొచ్చినవాళ్లు ఎంతమందండీ?"

ఆయన నవ్వారు.

"అయితే నవ్వేరని రాసుకోమంటారా?"

అప్పుడు ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని చెప్పారు. సంచి చుట్టూ శరీరం పొర కడుతుంది, అది బిగుసుకుని గట్టిపడవచ్చు. చీము పట్టవచ్చు. సంచి చిట్లవచ్చు. అంచు మడతపడి చేతికి తగలవచ్చు. అన్నీ రాసుకున్నాకే ఆమె ఒప్పుకున్నారు.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. ఆమె తిన్నగా నిలబడి పాఠం చెబుతుంటే వెనుక బల్ల మీద కూర్చుని చూడడానికే నేను వెళ్లేదాన్ని. రెండో ఏట అది రాయిలా గట్టిపడి పైకి జరిగింది. మళ్లీ మద్రాసు వెళితే డాక్టరు రెండు చేతులతో గట్టిగా నొక్కి లోపలి పొరను చిట్లగొట్టారు. ఆ నొప్పికి ఆమె మంచం కమ్మీ వదలలేదు. కొన్ని నెలలకే మళ్లీ బిగిసింది.

"దీని వాలకం నాకు అనుమానంగా ఉందమ్మాయ్. నా చేతిని నేను నమ్మను, దానికేం కావాలో అదే తగులుతుంది. నెలకోసారి, మొదటి శనివారం, నువ్వు చూడు" అన్నారు. అలా మూడేళ్లు చూశాను.

ఒక శనివారం చంక దగ్గర చింతగింజంత బిళ్ల నా వేలికి తగిలింది. నా చేయి ఆగింది.

"సంచి అంచే కదూ?" అన్నారు.

"ఆయ్, అంచేనండీ" అన్నాను.

నాకెలా తెలుసని నన్ను నేను అడగలేదు. చదువుకున్నదాన్నన్న ధీమా కొంత. ఆమెను మళ్లీ ఆ మంచం మీద చూడలేనన్న పిరికితనం ఎక్కువ. అయిదు నెలలకు బిళ్ల పెరిగింది. సంచి తీసేశారు. బిళ్ల పాత జబ్బేనని తేలింది. జబ్బును సంచి తేలేదని డాక్టరు చెప్పారు. ఆ మాట నేటికీ నేను సగమే నమ్ముతున్నాను. కాని సంచి మీద నేరం మోపినప్పుడల్లా నా వేలు నాకు గుర్తొస్తుంది. వరండాలో నోరు మెదపకపోవడానికి కారణం అదే.

పోయిన నెలలో ఆమె మంచం పక్కన కూర్చుని, ఆనాడు నాకు నిజంగా తెలియదని ఒప్పుకున్నాను.

"ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగేను. అలా అడిగితే తరగతిలో ఎవరైనా ఆయ్ అనేస్తారు" అన్నారు. నా వైపు తిరిగి, "అయినా నువ్వు అనకుండా ఉండాల్సింది" అన్నారు.

మొదటి మాటతో ఊరుకుని ఉంటే అది జాలి అనుకునేదాన్ని. రెండో మాట కూడా అన్నందుకు ఆమెకు కృతజ్ఞురాలిని.

సమాధి చేసిన నాలుగో రోజున ఓడలరేవు నుంచి ఒక తల్లి, పెళ్లయిన కూతురిని వెంటబెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కూతురు తలుపు దగ్గరగా వేసి, "మీకు చూడ్డం తెలుసంట కదండీ. గెడ్డేం కాదని ఒక్క మాట చెప్పండి, ఎళ్లిపోతాం" అంది.

తల్లి నేల చూస్తూ, "ఒకవేళ తీసేస్తే, ఆ సంచి మంచిదేనాండీ?" అంది.

నేను చేయి వేయలేదు. గట్టిపడడం, నొక్కడం, తీసేయడం, మొదట్లో ఆమె తిన్నగా నిలబడిన ఏడాది, అన్నీ వరసగా చెప్పాను. నేను చేసిన తప్పు కూడా చెప్పాను.

"నా వేళ్లను నేనే నమ్మనండీ. కాకినాడ ఎళ్దాం, పదండి" అన్నాను.

ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంది, చేరడానికి మాత్రం చాలాసేపు పట్టింది. గాలికి కొంగు ఎగరకుండా ఆ అమ్మాయి రెండు చేతులూ గుండెలకు అదుముకుని నిలబడింది. పంటు ఊగినప్పుడల్లా తల్లి ఆమె నడుముకు చేయి వేసి, కుదుటపడగానే తీసేస్తూ, నీళ్లకేసి చూస్తోంది.